సి డ్రైవ్ నిండింది, డి డ్రైవ్ ఖాళీగా ఉంది: పెళ్ళి ఆల్బమ్‌లు చేసే చెల్లెమ్మకు జవాబు

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లోనే ఉండి రెండు మూడు స్టూడియోల వాళ్ళకు పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసిస్తాను. నా ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ 119 జీబీ, డి డ్రైవ్ 931 జీబీ అని చూపిస్తుంది. ర్యామ్ 8 జీబీ. సి ఎప్పుడు చూసినా ఎర్ర గీతే, ఇప్పుడు 2 జీబీ కూడా మిగల్లేదు. డి లో మాత్రం 700 జీబీ పైనే ఖాళీ. ఫోటోషాప్ తెరిస్తే స్క్రాచ్ డిస్క్ నిండిపోయిందని చెప్పి మూసుకుపోతోంది. డెస్క్‌టాప్ మీదున్న పెళ్ళి ఫోల్డర్లను మౌస్‌తో పట్టుకుని డి లోకి లాగేశాను. అయినా సి లో ఒక్క జీబీ కూడా ఖాళీ కాలేదు. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి రెండు డ్రైవ్‌లనూ కలిపేస్తాం, ఇక టెన్షనే ఉండదు అన్నారు. మా ఆయనేమో విండోస్ ఫోల్డర్‌లో పాతవి డిలీట్ చేస్తే చాలు అంటున్నారు. శ్రావణం పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు రెండు ఇవ్వాల్సి ఉంది. కొత్త ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు రెండు పనులు ఆపండి. ల్యాప్‌టాప్‌ను ఇప్పుడే షాపుకు ఇవ్వకండి. విండోస్ ఫోల్డర్ జోలికి పోకండి. మీ ల్యాప్‌టాప్ పాడవలేదు, ఫార్మాట్ అవసరమూ లేదు. ఓ పూట ఓపిగ్గా కూర్చుంటే సి లో మీ పనికి సరిపడా చోటు వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది సి డ్రైవ్ కాదు. ఆ ఫోల్డర్లలో ఉన్న పెళ్ళి ఫోటోలకు ఇంకో కాపీ ఎక్కడైనా ఉందో లేదో మీరు రాయలేదు. జీలకర్ర బెల్లం, తాళి కట్టడం, తలంబ్రాలు మళ్ళీ జరిపించి తీసుకునేవి కావు. డబ్బు వెనక్కి ఇచ్చినా ఆ కుటుంబానికి తీరే నష్టం కాదది. అందుకే చోటు చేసుకునే పని మొదలుపెట్టకముందే స్టూడియో వాళ్ళకు ఫోన్ చేయండి. ఆ రెండు పెళ్ళిళ్ళ ఒరిజినల్స్ వాళ్ళ దగ్గర ఉన్నాయా, కెమెరా కార్డులు ఫార్మాట్ చేసేశారా అని అడగండి. కార్డులు ఇంకా అలాగే ఉంటే ఆల్బమ్ అచ్చయ్యేదాకా వాటిని ముట్టుకోవద్దని చెప్పండి. లేవంటే ఎవరి దగ్గరైనా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి అడిగి తెచ్చుకుని, ఆ ఫోల్డర్లు అందులోకి కాపీ చేసి, ఆ తర్వాతే కింద రాసినవి మొదలుపెట్టండి.

ఇప్పుడు షాపువాళ్ళ మాటకు వద్దాం. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి టాస్క్ మేనేజర్ తెరవండి, అందులో పర్ఫార్మెన్స్ చూడండి. డిస్క్ 0, డిస్క్ 1 అని రెండు వేరువేరుగా కనిపించి, ఒకదాని కింద ఎస్‌ఎస్‌డీ అని, ఇంకోదాని కింద హెచ్‌డీడీ (అంటే హార్డ్‌డిస్క్) అని ఉంటే మీ ల్యాప్‌టాప్‌లో నిజంగానే రెండు వస్తువులు ఉన్నట్టు. మీరు రాసిన అంకెలను బట్టి అలాగే ఉంటుంది. 128 జీబీ ఎస్‌ఎస్‌డీని విండోస్ 119 అని, 1 టీబీ హార్డ్‌డిస్క్‌ను 931 అని చూపిస్తుంది. తయారు చేసేవాళ్ళు వెయ్యి లెక్కన కడతారు, విండోస్ 1024 లెక్కన కడుతుంది. తేడా అంతే, చోటు ఎవరూ తినేయలేదు. అలా కాకుండా సి, డి రెండూ ఒకే డిస్క్ పక్కన కనిపిస్తే మీది వేరే కథ. అప్పుడు డి ని తగ్గించి సి ని పెంచే దారి ఉంటుంది. అలా ఉంటే మళ్ళీ రాయండి.

రెండూ వేరైనప్పుడు ‘కలపడం’ కుదరదు. చంద్రగిరిలో ఒక స్థలం, రేణిగుంటలో ఒక స్థలం ఉంటే రెండూ మీవే అయినా కలిపి ఒకే ఇల్లు కట్టలేరు కదా. ఒక డ్రైవ్‌ను పెంచాలంటే ఖాళీ చోటు అదే డిస్క్ మీద, దాన్ని ఆనుకునే ఉండాలి. రెండు డిస్కులను ఒకే అక్షరం కింద చూపించే ఏర్పాటు విండోస్‌లో లేకపోలేదు. కానీ విండోస్ నడిచే సి డ్రైవ్‌కు అది పనికిరాదు. పైగా రెండింట్లో ఏ ఒక్కటి పోయినా రెండింట్లో ఉన్నదీ పోతుంది. పెళ్ళి ఫోటోలు పెట్టుకునేవాళ్ళు దాని దగ్గరికి వెళ్ళనే కూడదు. షాపువాళ్ళు బహుశా ఎస్‌ఎస్‌డీని పక్కనపెట్టి విండోస్‌ను 1 టీబీ హార్డ్‌డిస్క్‌లోనే వేస్తామని చెప్పి ఉంటారు. అలా చేస్తే చోటు దండిగా ఉంటుంది, ల్యాప్‌టాప్ మాత్రం ఆన్ కావడానికే నిమిషాలు తీసుకుంటుంది. హార్డ్‌డిస్క్‌లో పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద ముల్లులాంటిది ఒకటి ఆ మూలకూ ఈ మూలకూ కదులుతూ చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు, అంతా చిప్పులే. ఆ వేగం మీకు ఇప్పుడు తెలియదు గానీ, పోయాక తెలుస్తుంది.

కాబట్టి రెండింటినీ రెండుగానే వాడుకోవాలి. విండోస్, ఫోటోషాప్, ఈ వారం చేస్తున్న ఆల్బమ్ సి లో ఉండాలి. మిగతావన్నీ డి లో ఉండాలి. నా సలహా మొత్తం దీని చుట్టూనే.

మీరు ఫోల్డర్లు లాగినా సి ఎందుకు తగ్గలేదో చెప్తాను. ఇది చాలామందిని తికమక పెడుతుంది. ఒకే డ్రైవ్ లోపల ఫోల్డర్‌ను ఇక్కడి నుంచి అక్కడికి లాగితే విండోస్ దాన్ని జరుపుతుంది. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు లాగితే మాత్రం జరపదు, కాపీ చేస్తుంది. లాగేటప్పుడు మౌస్ బాణం పక్కన చిన్న ప్లస్ గుర్తు, ‘కాపీ టు’ అన్న మాట కనిపిస్తాయి. మనం ఫోల్డర్ వైపు చూస్తాం గానీ దాన్ని చూడం. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని లాగితే ఆ మాట ‘మూవ్ టు’గా మారుతుంది. మీరు షిఫ్ట్ పట్టుకోలేదు కాబట్టి ఆ పెళ్ళిళ్ళన్నీ ఇప్పుడు సి లోనూ ఉన్నాయి, డి లోనూ ఉన్నాయి. మీ శ్రమ వృథా కాలేదు చెల్లెమ్మా. తెలియకుండానే రెండు వేరువేరు డిస్కుల మీద రెండు కాపీలు చేసుకున్నారు.

అయినా సి లోవి వెంటనే తీసేయకండి. కాపీ మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. ఒక్కో పెళ్ళి ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి, డి లో దాని జంట ఫోల్డర్‌కు కూడా తెరవండి, రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టండి. ఎన్ని ఫైళ్ళు, ఎన్ని ఫోల్డర్లు అన్న అంకె రెండిట్లో ఒకటే ఉండాలి. సైజ్ దగ్గర బ్రాకెట్లో బైట్ల లెక్క పెద్ద అంకెగా ఉంటుంది, అది చివరి అంకె దాకా కలవాలి. దాని కిందుండే ‘సైజ్ ఆన్ డిస్క్’ కలవకపోయినా పట్టించుకోకండి. తర్వాత డి లోని ఫోల్డర్‌లో మొదట్లోంచి కొన్ని, మధ్యలోంచి కొన్ని, చివర్లోంచి కొన్ని ఫోటోలు తెరిచి పెద్దవి చేసి చూడండి. సగం బూడిద రంగులో ఉన్న ఫోటో ఒక్కటి కనిపించినా ఆ ఫోల్డర్‌ను మళ్ళీ కాపీ చేయండి. అన్నీ బాగున్నాయి అనుకున్నాకే సి లోది డిలీట్ చేయండి. అప్పుడూ సి వెంటనే తగ్గకపోవచ్చు. డిలీట్ చేసినవి మామూలుగా రీసైకిల్ బిన్‌లో ఉంటాయి, అవి ఇంకా సి లోనే చోటు తింటుంటాయి. ఫోల్డర్ బిన్‌లో పట్టనంత పెద్దదైతే శాశ్వతంగా తీసేయనా అని విండోస్ అడుగుతుంది, ఇంకో కాపీ ఖాయం కాకుండా దానికి ఎస్ అనకండి. బిన్ ఖాళీ చేస్తేనే గీత కదులుతుంది. ఆ బిన్ ఖాళీ చేయడం మాత్రం స్టూడియో వాళ్ళో ఎక్స్‌టర్నల్ డిస్కో ఇంకో కాపీ ఖాయం చేశాకే చేయండి. ఎస్‌ఎస్‌డీలో ఒకసారి పోయినది వెనక్కి తెచ్చుకోవడం హార్డ్‌డిస్క్‌లో కంటే చాలా కష్టం. ఖాళీ అయిన చోటును తుడిచి సిద్ధం చేసుకోమని విండోస్ దానికి ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది.

ఫోటోలు సర్దుకుని రంగులు దిద్దుకునే లైట్‌రూమ్ ప్రోగ్రాము వాడుతుంటే ఒక జాగ్రత్త. ఫోటోల ఫోల్డర్‌ను బయటి నుంచి జరిపితే లైట్‌రూమ్‌కు అది ఎక్కడికి పోయిందో తెలియదు, ప్రశ్నార్థకం గుర్తు పెట్టి కూర్చుంటుంది. లైట్‌రూమ్ లోపలి నుంచే ఫోల్డర్‌ను డి లోకి లాగండి. ఏ ఫోటో ఎక్కడుందో రాసుకునే దాని క్యాటలాగ్ ఫైలును మాత్రం సి లోనే ఉంచండి, వేగం అక్కడే కావాలి.

ఇక ఫోటోషాప్. 12 అంగుళాలు 36 అంగుళాల షీటును 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్ళు, అంటే చుక్కలు) తెరిచారనుకుందాం. అంటే 3600 పిక్సెళ్ళు 10800 పిక్సెళ్ళు. గుణిస్తే సుమారు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్ళు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు వేసుకుంటే ఒక్క నిండు లేయరే దాదాపు 111 ఎంబీ. బ్యాక్‌గ్రౌండు, ఫోటోలు, పూల డిజైన్లు, పేర్లు అన్నీ కలిపి పది పదిహేను లేయర్లు పెట్టారంటే ఒకటిన్నర జీబీ దాకా పోతుంది. మీరు చేసిన ప్రతి మార్పునూ వెనక్కి తీసుకునే వీలుండాలని ఫోటోషాప్ హిస్టరీ దాచుకుంటుంది, దానికి ఇంకా కావాలి. 8 జీబీ ర్యామ్‌లో విండోస్, బ్రౌజర్, వాట్సాప్ తీసుకున్నది పోగా మిగిలింది దీనికి చాలదు. చాలనిదంతా డిస్క్ మీద రాసుకుంటుంది. ఆ చోటుకే స్క్రాచ్ డిస్క్ అని పేరు. మామూలుగా అది సి లోనే ఉంటుంది. మీ సి లో 2 జీబీ కూడా లేదు. అది తెరుచుకోకపోవడంలో వింతేమీ లేదు.

ఇవాళ ఆల్బమ్ పని ఆగకూడదంటే ఇలా చేయండి. కంట్రోల్, ఆల్ట్ కీలు రెండూ నొక్కి పట్టుకుని ఫోటోషాప్ తెరవండి. పూర్తిగా తెరుచుకోకముందే స్క్రాచ్ డిస్క్ ఏది అని అడుగుతుంది. అక్కడ డి ఎంచుకోండి. తెరుచుకుంటుంది. కాస్త నెమ్మదిగా ఉంటుంది, పని మాత్రం జరుగుతుంది. సి ఖాళీ అయ్యాక ఎడిట్, ప్రిఫరెన్సెస్, స్క్రాచ్ డిస్క్స్‌లోకి వెళ్ళి సి, డి రెండింటికీ టిక్ పెట్టి సి ని పైన, డి ని దాని కింద ఉంచండి. సి లో 30 జీబీ అయినా ఖాళీ ఉన్నప్పుడే ఈ మార్పు చేయండి. లేనప్పుడు డి ఒక్కటే మేలు. నెమ్మది పని భరించొచ్చు గానీ విండోస్‌కే ఊపిరాడకుండా చేయకూడదు. ప్రిఫరెన్సెస్‌లోనే పర్ఫార్మెన్స్ దగ్గర హిస్టరీ స్టేట్స్ 50 ఉంటే 20 చేయండి. ఆల్బమ్ షీట్లకు అంతకంటే వెనక్కి వెళ్ళే పని పెద్దగా పడదు.

ఫోటోషాప్ అర్ధంతరంగా మూసుకుపోయినప్పుడల్లా ఆ స్క్రాచ్ ఫైళ్ళు అలాగే మిగిలిపోతాయి. మీకు ఈమధ్య చాలాసార్లు మూసుకుపోయింది కాబట్టి ఇక్కడే జీబీలకు జీబీలు దొరకొచ్చు. పనంతా సేవ్ చేసి ఫోటోషాప్ మూసేయండి. విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కితే వచ్చే చిన్న పెట్టెలో, రెండు పర్సంటేజ్ గుర్తుల మధ్య టెంప్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో ఫోటోషాప్ టెంప్ అని పేరు మొదలై వెనకాల అంకెలు ఉన్న పెద్ద ఫైళ్ళు ఉంటాయి. సైజు ప్రకారం వరుస పెట్టుకుంటే పైనే కనిపిస్తాయి. అవి తీసేయొచ్చు. ఏదైనా ఫైలు వాడకంలో ఉంది, తీయలేం అని వస్తే దాన్ని వదిలేయండి.

బావగారు చెప్పిన విండోస్ ఫోల్డర్ సంగతి. ఆయన ఉద్దేశం మంచిదే, అందులో నిజంగానే పాతవి ఉంటాయి. కానీ చేత్తో తీయకూడదు. లోపల విన్ ఎస్‌ఎక్స్‌ఎస్ అని ఒక ఫోల్డర్ చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అది కనిపించేంత పెద్దది కాదు. వేరే చోట ఉన్న ఫైళ్ళనే విండోస్ అక్కడా లెక్కేసి చూపిస్తుంది. అందులోంచి తీసేస్తే అప్‌డేట్లు ఆగిపోవచ్చు, ఒక్కోసారి విండోసే లేవదు. ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్ ఖాళీ చేస్తే ప్రోగ్రాములను అప్‌డేట్ చేయడానికీ తీయడానికీ దారి ఉండదు. పాతవి తీసే పనిని విండోస్ చేతికే ఇవ్వండి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. అక్కడ విండోస్ అప్‌డేట్ క్లీనప్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్, పాత విండోస్ ఇన్‌స్టాలేషన్ లాంటివి వరుసగా ఉంటాయి. వీటికి టిక్ పెట్టి తీసేయొచ్చు. పాత ఇన్‌స్టాలేషన్ తీస్తే వెనకటి విండోస్‌కు తిరిగి వెళ్ళలేరు, అంతకంటే నష్టం లేదు.

ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అని ఒకటి ఉంటుంది. దానికి టిక్ పెట్టకండి. పెడితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నదంతా పోతుంది. పెళ్ళివారు పంపిన శుభలేఖ, పేర్ల స్పెల్లింగులు, మెయిల్లో వచ్చిన ఫోటోలు అక్కడే ఉంటాయి. అనవసరమైనవి దానంతట అదే తీసేసే స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసుకుంటే అందులోనూ డౌన్‌లోడ్స్ దగ్గర ‘నెవర్’ అని ఉందో లేదో చూసుకోండి.

హైబర్నేషన్ ఫైలు అని ఒకటి సి లో దాక్కుని ఉంటుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే మామూలుగా 3 జీబీ పైచిలుకు ఉంటుంది. అది తీసేయమని చెప్పేవాళ్ళు ఉంటారు. నేను మీకు చెప్పను. కరెంటు పోయి బ్యాటరీ అడుగంటినప్పుడు తెరిచి ఉన్న పనిని ల్యాప్‌టాప్ అందులోనే దాస్తుంది. ఆల్బమ్ పని చేసేవాళ్ళకు ఆ 3 జీబీ దండగ కాదు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్ ఫైలును కూడా ముట్టుకోకండి.

ఇంతవరకు చేసినది ఒకసారి ఊడ్చడం. మళ్ళీ నిండకుండా ఉండాలంటే కొత్తగా వచ్చేవి వాటంతట అవే డి లోకి పోవాలి. ఎంత శుభ్రం చేసినా నెలకల్లా మళ్ళీ ఎర్ర గీత అంటూ నాకు వచ్చే ఉత్తరాలన్నీ ఈ పని చేయనివాళ్ళవే.

డెస్క్‌టాప్ అంటే తెర అనుకుంటాం గానీ అది సి లోని ఒక ఫోల్డర్. అక్కడ పెట్టిన ప్రతి పెళ్ళీ సి మీదే పడుతుంది. ముందు డి లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అని నాలుగు ఫోల్డర్లు చేసుకోండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమ పక్కనున్న డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో లొకేషన్, అందులో మూవ్ నొక్కి డి లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను చూపించండి. పాతవి కూడా జరపాలా అని అడుగుతుంది, ఎస్ అనండి. మిగతా మూడింటికీ ఇంతే. ఇక్కడ ఒక తప్పు జరగకుండా చూసుకోండి. డి లోని ఫోల్డర్‌ను కాకుండా నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే డి మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారిపోతుంది. దాన్ని మళ్ళీ విడదీయడం పెద్ద తలనొప్పి. ఇంటర్నెట్‌లో ఫైళ్ళు దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ మీ డెస్క్‌టాప్‌ను బ్యాకప్ చేస్తూ ఉంటే ముందు వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆ బ్యాకప్ ఆపి, తర్వాతే జరపండి. ఉచితంగా వచ్చే 5 జీబీలో ఒక్క పెళ్ళి కూడా పట్టదు, కాబట్టి దాన్ని నమ్ముకుని ఉండకండి.

జరిపేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచండి. హార్డ్‌డిస్క్‌కు రాయడం ఎస్‌ఎస్‌డీ అంత వేగంగా ఉండదు, వేల చిన్న ఫైళ్ళుంటే ఇంకా ఆలస్యం. మధ్యలో విసుగొచ్చి ఆపేయకండి. రాత్రి భోజనాలకు ముందు పెడితే సరిపోతుంది.

వాట్సాప్ డెస్క్‌టాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతట అవి దిగకుండా సెట్టింగ్స్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపండి. బంధువుల గ్రూపుల్లోని గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ మీ ఎస్‌ఎస్‌డీ మోయాల్సిన పని లేదు. టెలిగ్రామ్‌లో డౌన్‌లోడ్ ఎక్కడికి పోవాలో డి కి మార్చే వీలుంది, మార్చండి. రా ఫోటోలు తెరిచినప్పుడు ఫోటోషాప్ దాచుకునే కెమెరా రా క్యాష్‌ను కూడా ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లోంచి డి కి పంపొచ్చు.

ప్రోగ్రాముల విషయంలో మాత్రం నిదానించండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను కట్ చేసి డి లో పేస్ట్ చేస్తే ఏ ప్రోగ్రామూ నడవదు, వాటి దారులన్నీ సి పేరు మీదే రాసి ఉంటాయి. వాడనివి సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పిల్లల గేములు పెద్దవి ఉంటే తీసేసి, మళ్ళీ వేసేటప్పుడు డి చూపించండి. తెలుగు పేర్లు టైప్ చేయడానికి అను స్క్రిప్ట్ లాంటిది ఏదైనా లైసెన్సుతో వేయించుకుని ఉంటే, మళ్ళీ వేసుకునే సరంజామా చేతిలో ఉంటే తప్ప దాన్ని కదిలించకండి. ఫాంట్లూ అంతే, అవి ఉన్నచోటే ఉండనివ్వండి. అవి తినే చోటు ఎంతో ఉండదు. పేర్లు రాయాల్సిన రోజు ఫాంటు లేకపోతే మాత్రం ఆల్బమ్ ఆగిపోతుంది.

సి లో ఎప్పుడూ 25 నుంచి 30 జీబీ ఖాళీ ఉండేలా చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ అంచుదాకా నిండితే రాయడం నెమ్మదిస్తుంది, ఒకే చోట మళ్ళీ మళ్ళీ రాయాల్సి వచ్చి అరుగుదల కూడా పెరుగుతుంది. పని నడిపే తీరు ఇలా పెట్టుకోండి. స్టూడియో నుంచి వచ్చిన ఫోటోలు మొదట డి లోకి. చేస్తున్న ఒక్క ఆల్బమ్‌కు సెలెక్ట్ చేసిన ఫోటోలు, పీఎస్‌డీలు (ఫోటోషాప్ ఫైళ్ళు) మాత్రం సి లోకి, ‘పనిలో ఉన్నవి’ అని ఒక్క ఫోల్డర్ చేసి అందులోకి. ప్రింటుకు పంపిన రోజే దాన్ని డి కి జరిపేయాలి. ఫోల్డర్ పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత వధూవరుల పేర్లు పెడితే వాటంతట అవే వరుసలో నిలబడతాయి. శ్రావణంలో, మాఘంలో మీకు తల ఎత్తే తీరిక ఉండదని తెలుసు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆల్బమ్ ఇచ్చేసిన పెళ్ళిళ్ళను డి నుంచి ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు పంపే పని అప్పుడు పెట్టుకోండి.

డి లో పెట్టాం కదా, భద్రంగా ఉన్నట్టే అనుకోకండి. సి, డి రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ల్యాప్‌టాప్ కింద పడినా, దొంగలెత్తుకుపోయినా, నీళ్ళు పడినా రెండూ ఒకేసారి పోతాయి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో పల్లపు కాలనీల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అప్పుడు కింది అరల్లో సామాన్లు పెట్టుకున్నవాళ్ళకు సర్దుకునే సమయం కూడా దొరకలేదు. అందుకే ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కొనుక్కుని, ఆల్బమ్‌ల పని లేనప్పుడు దాన్ని మీ అమ్మగారింట్లోనో, స్టూడియోలోనో ఉంచండి. మీరు ఇప్పుడు పెట్టాల్సిన ఖర్చు ఏదైనా ఉందంటే అది ఇదే. కొత్త ల్యాప్‌టాప్ కంటే ముందు ఇదే కొనమంటాను.

డి హార్డ్‌డిస్క్ కాబట్టి దానికి కుదుపు పడదు. కాపీ అవుతున్నప్పుడు ల్యాప్‌టాప్‌ను ఒళ్ళోంచి మంచం మీదికి, మంచం మీంచి టేబుల్ మీదికి జరపకండి. కల్యాణ మండపానికో స్టూడియోకో స్కూటర్ మీద తీసుకెళ్ళేటప్పుడు మూత మూసి ఊరుకోకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. డి నుంచి టక్ టక్ మని చప్పుడు వినిపించినా, ఫోల్డర్ తెరవడానికి ఉన్నట్టుండి నిమిషాలు పట్టినా, మిగతా పనులన్నీ ఆపి ముందు అందులోని ఫోటోలను బయటికి తీయండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో దాని ఆరోగ్యం చూసుకోవచ్చు. ‘గుడ్’ అని ఉంటే సరే, ‘కాషన్’ అని వస్తే దాని మీద కొత్త పెళ్ళి ఏదీ పెట్టకండి.

సి కి డిఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోట సర్దడం) చేయమని ఎవరైనా చెబితే అవసరం లేదనండి. ఏ డ్రైవ్‌కు ఏం కావాలో విండోస్‌కే తెలుసు, డి ని సర్దుతుంది, సి కి వేరే రకం శుభ్రం చేస్తుంది. దానంతట అదే చేసుకుంటుంది.

చివరిగా, రేపు చేతిలో డబ్బు ఆడినప్పుడు షాపువాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సిన పని ఒకటుంది. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసి 500 జీబీది వేయించుకోవడం. కొత్త ల్యాప్‌టాప్ అవసరం అప్పటికీ పడకపోవచ్చు. కొనే ముందు మీ దానిలో ఉన్నది ఏ రకమో చూడమనండి. ఎం.2 అని చూడ్డానికి ఒకేలా ఉండేవాటిలోనే సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి, ఒకదాని చోట ఇంకోటి పనిచేయకపోవచ్చు. ఫార్మాట్ వద్దు, క్లోన్ చేయండి అని అడగండి. క్లోన్ చేస్తే విండోస్, ఫోటోషాప్, ఫాంట్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టే కొత్తదాంట్లోకి వస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్సు మాత్రం మళ్ళీ ఎక్కించమని అడగొచ్చు. డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అది లేకపోతే మీ డ్రైవ్ మీకే తెరుచుకోదు. క్లోన్ అయ్యాక పాత ఎస్‌ఎస్‌డీని షాపులో వదిలి రాకండి. దాన్ని ఫార్మాట్ చేయకుండా ఇంటికి తెచ్చి, కొత్తదానితో ఒక ఆల్బమ్ మొదటి నుంచి ప్రింటు దాకా పూర్తి చేసేవరకు బీరువాలో ఉంచండి.